కాలిఫోర్నియాలో వివక్ష, పరువు నష్టం: ఏ అడుగు ముందు, ఏది తర్వాత

"ప్రెగ్నెన్సీ లీవు నుంచి వచ్చేసరికి నా ప్రాజెక్టు ఇంకొకరికి ఇచ్చేశారు, ఎవరికి చెప్పుకోవాలి?" "పాత మేనేజర్ కొత్త కంపెనీకి నా గురించి అబద్ధం చెప్పాడు, కేసు వేయొచ్చా?" "వాట్సాప్ గ్రూపులో నన్ను దొంగ అన్నారు, పోలీసుల దగ్గరికెళ్తే మా పని కాదన్నారు, ఇప్పుడేం చేయాలి?" కాలిఫోర్నియాలో ఉన్న తెలుగువాళ్లు ఈ మూడు ప్రశ్నలూ మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. అందుకే ఈసారి మొత్తం వరసగా రాస్తున్నాను.

నేను చూసినంతలో, చేతిలో న్యాయం లేక నష్టపోయినవాళ్ల కంటే తేదీ దాటబెట్టుకుని నష్టపోయినవాళ్లే ఎక్కువ. ముందు ఫేస్‌బుక్‌లో రాసి, తర్వాత హెచ్ఆర్‌కి చెప్పి, ఆఖరున లాయర్ దగ్గరికి వెళ్తారు. వెళ్లాల్సిన వరస దీనికి తలకిందులు.

ఇందులోని గడువులు, అంకెలు ప్రధానంగా కాలిఫోర్నియా రాష్ట్ర చట్టానివి. న్యూజెర్సీలోనో టెక్సాస్‌లోనో ఉన్నవాళ్లు వీటిని అక్కడికి మోసుకెళ్లకండి. అక్కడి చట్టం వేరు, కార్యాలయం వేరు, గడువు వేరు.

## 1. ముందు మీ ఫిర్యాదు ఏ గాటనో తేల్చుకోండి

వివక్ష కేసు మొత్తం "ఎందుకు చేశారు" అన్న ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. పరువు నష్టం కేసు "సరిగ్గా ఏ మాట అన్నారు" అన్న ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. మనసుకు తగిలిన దెబ్బ ఒక్కటే అయినా చట్టంలో ఇవి రెండు వేరు దారులు.

ఉద్యోగంలో, ఇంటి విషయంలో వివక్షను నిషేధించే రాష్ట్ర చట్టం పేరు ఫెయిర్ ఎంప్లాయ్‌మెంట్ అండ్ హౌసింగ్ యాక్ట్. లాయర్లు పొట్టిగా ఫీహా అంటారు. జాతి, రంగు, మతం, జాతీయ మూలం, వంశ మూలం, లింగం, గర్భం, వైకల్యం, ఆరోగ్య స్థితి, వివాహ స్థితి, లైంగిక ధోరణి, 40 ఏళ్లు పైబడిన వయసు వంటి కారణాలతో మిమ్మల్ని తక్కువ చేస్తే అది ఈ చట్టం కిందికి వస్తుంది.

మేనేజర్ నోటి దురుసు మనిషి కావడం ఒక్కటే చాలదు. అందరి మీదా సమానంగా అరిచేవాడి మీద వివక్ష కేసు నిలబడదు. ఆ అరుపుకీ పై జాబితాలోని ఏదో ఒక కారణానికీ లంకె చూపించాలి. ఆ కారణం ఒక్కటే అయ్యుండాలని లేదు, నిర్ణయం వెనక గణనీయమైన పాత్ర దానిదై ఉంటే చాలు.

తేల్చుకోవడానికి ఈ ప్రశ్నలు వేసుకోండి.

- నాకు జరిగిన నష్టం ఏమిటి? ఉద్యోగం పోయిందా, ప్రమోషన్ ఆగిందా, ఇల్లు దొరకలేదా?
- నా స్థితిలోనే ఉండి, ఆ ఒక్క విషయంలో మాత్రం నాకంటే వేరుగా ఉన్న మరొకరిని ఎలా చూశారు?
- నా గురించి ఎవరైనా మూడో మనిషికి అబద్ధం చెప్పారా? ఆ మాట యథాతథంగా నాకు తెలుసా?
- నేను ఫిర్యాదు చేసిన తర్వాతే పరిస్థితి మరీ చెడిందా?

చివరి ప్రశ్నకు అవునని జవాబొస్తే ఆగి ఆలోచించండి. ఫిర్యాదు చేసినందుకు కక్ష తీర్చుకోవడం ఫీహా కింద విడిగా ఒక తప్పు. అసలు వివక్ష రుజువు కావడం కష్టమైన చోట కూడా ఈ ప్రతీకారం తేదీలతో సహా తేటగా కనిపిస్తుంది. నన్నడిగితే చాలా ఫైళ్లలో బలం ఉండేది ఇక్కడే.

కంపెనీ మరీ చిన్నదని వెనకాడకండి. ఫెడరల్ చట్టానికి సాధారణంగా 15 మంది ఉద్యోగులుండాలి. ఫీహాకి 5 మంది చాలు. వేధింపుల విషయంలోనైతే ఒక్క ఉద్యోగి ఉన్నా చట్టం వర్తిస్తుంది, వేధించిన మనిషి కూడా వ్యక్తిగతంగా బాధ్యుడవుతాడు.

## 2. క్యాలెండర్ మీద గడువులు గుర్తు పెట్టండి

ఆధారాల కంటే ముందు తేదీలు. ఒక కాగితం తీసుకుని ఇవి రాసి ఫ్రిజ్ మీద అంటించండి.

- ఉద్యోగ వివక్ష: జరిగిన నాటి నుంచి 3 ఏళ్లలోపు రాష్ట్ర సివిల్ రైట్స్ డిపార్ట్‌మెంట్‌కి ఫిర్యాదు. అందరూ దాన్ని సీఆర్‌డీ అంటారు.
- సీఆర్‌డీ నుంచి దావా వేసుకునే హక్కు పత్రం, అంటే రైట్ టు స్యూ నోటీస్, వచ్చాక: 1 ఏడాదిలోపు కోర్టులో దావా.
- ఉద్యోగ వివక్ష ఫిర్యాదులు చూసే ఫెడరల్ సంస్థ ఈఈఓసీకి కూడా వెళ్లాలనుకుంటే: 300 రోజులు. వాళ్ల నోటీస్ వచ్చాక కోర్టుకి 90 రోజులే.
- ఇంటి విషయంలో వివక్ష: సీఆర్‌డీకి 1 ఏడాది, నేరుగా కోర్టుకైతే 2 ఏళ్లు.
- పరువు నష్టం: 1 ఏడాది.
- నగరం, కౌంటీ, స్కూల్ డిస్ట్రిక్ట్ లాంటి ప్రభుత్వ సంస్థ మీద పరువు నష్టానికి డబ్బు అడగాలంటే: ముందుగా 6 నెలల్లో ఆ సంస్థకే క్లెయిమ్ దాఖలు చేయాలి.

మన వాళ్లు ఎక్కువగా జారిపడేది పరువు నష్టం దగ్గర. సీఆర్‌డీలో ఫైలు నడుస్తోంది కదా, అది తేలాక పరువు సంగతి చూద్దాం అనుకుంటారు. సీఆర్‌డీ ఫిర్యాదు పరువు నష్టం గడువును ఆపదు. ఆ ఏడాది మీకు తెలియకుండానే కరిగిపోతుంది.

ఆన్‌లైన్ పోస్టు ఇంకా కనిపిస్తూనే ఉంది కాబట్టి గడువు కూడా సాగుతూనే ఉంటుందనేది మరో పొరపాటు. మొదటిసారి పెట్టిన రోజు నుంచే లెక్క. రెండేళ్ల కిందటి పోస్టు ఈరోజు మీ కంటపడితే సాధారణంగా ఆలస్యమైపోయినట్టే.

హెచ్ఆర్ విచారణ జరుగుతోందని కూడా గడువు ఆగిందనుకోకండి. కొన్ని పరిస్థితుల్లో కోర్టులు ఆ కాలాన్ని మినహాయించిన మాట నిజమే, కానీ దాని మీద ఆశ పెట్టుకుని కూర్చోవడం ప్రమాదం.

హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు ఇంకో గడియారం ఉంది. ఉద్యోగం పోయాక దొరికే 60 రోజుల వరకు గ్రేస్ వ్యవధిని సీఆర్‌డీ ఫిర్యాదు పొడిగించదు. ఇమిగ్రేషన్ లాయర్‌ని విడిగా, అదే వారంలో కలవండి. అయితే దేశం విడిచి వెళ్లాల్సి వచ్చినా మీ ఫిర్యాదు హక్కు పోదు. రాష్ట్ర ఉద్యోగ చట్టాల రక్షణ వీసా స్థితి చూసి ఇచ్చేది కాదు. "ఇమిగ్రేషన్ వాళ్లకి చెప్తా" అని యజమాని బెదిరిస్తే అది కాలిఫోర్నియా లేబర్ కోడ్ ప్రకారం మళ్లీ ఒక తప్పు. ఆ బెదిరింపు తేదీ కూడా రాసుకోండి.

## 3. ఆధారాలు: డైరీతో మొదలుపెట్టండి

ఇదే అసలు పని. ఇక్కడ పెట్టిన శ్రమ తర్వాత లాయర్ ఫీజులో, నెలల తరబడి తిరగడంలో మిగులుతుంది.

మీ సొంత నోట్‌బుక్‌లోనో సొంత ఫోన్‌లోనో ప్రతి సంఘటనకూ ఈ ఆరు వివరాలు రాయండి.

- తేదీ, సమయం
- ఎక్కడ: మీటింగ్ గదా, జూమ్ కాలా, కారిడారా
- ఎవరన్నారు, ఎవరు విన్నారు
- అన్న మాట, అన్నది అన్నట్టుగా, అన్న భాషలోనే
- దాని తర్వాత ఏం మారింది
- దీన్ని మీరు ఎప్పుడు రాస్తున్నారు

నాలుగో వివరం దగ్గర కాసేపు ఆగుదాం. అవతలివాడు కూడా తెలుగువాడే అయినప్పుడు మాట తెలుగులోనే పడుతుంది. టీమ్ లంచ్‌లో "మీ ఇంటిపేరేంటి, ఏ ఊరు, మీరేమిట్లు?" అని అడిగి, జవాబు విన్న మర్నాటి నుంచి మీటింగులకు పిలవడం మానేశాడనుకోండి. "మీరేమిట్లు" అంటే కులం అడగడమని మనకు చెప్పక్కర్లేదు. సీఆర్‌డీ అధికారికి మాత్రం అది ఊరు, కుటుంబం గురించిన కబుర్లలాగే వినిపిస్తుంది. అందుకే తెలుగు మాటను తెలుగులోనే రాసి, దాని కింద ఆ మాట మన సమాజంలో ఏ అర్థంలో వాడతారో రెండు వాక్యాల్లో ఇంగ్లీషులో రాయండి.

కోర్టు దాకా వెళ్తే వాట్సాప్ చాట్ లాంటి తెలుగు ఆధారానికి, అర్హత గల అనువాదకుడు ప్రమాణం చేసి ఇచ్చిన ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. మీ బావమరిది చేసిపెట్టిన అనువాదం సరిపోదు.

రికార్డింగ్ జోలికి పోకండి. హైదరాబాదులో ఫోన్ కాల్ రికార్డు చేయడం చాలామందికి అలవాటు. కాలిఫోర్నియాలో గోప్యంగా సాగుతుందని అనుకోదగ్గ సంభాషణను అందరి సమ్మతీ లేకుండా రికార్డు చేయడం పీనల్ కోడ్ 632 కింద నేరం. జరిమానా, జైలు రెండూ ఉండొచ్చు. పైగా అవతలివాళ్లు మీ మీదే ఒక్కో ఉల్లంఘనకు 5,000 డాలర్ల చొప్పున దావా వేయొచ్చు. బాధితుడు నిందితుడిగా మారిపోయే దారి ఇది. ఇప్పటికే రికార్డు చేసి ఉంటే ఎవరికీ పంపకండి, చెరిపేయనూ వద్దు. ముందు లాయర్‌కి చెప్పండి.

రికార్డింగ్‌కి బదులు ఏం చేయాలి? సంభాషణ ముగిసిన గంటలోపు ఆ మనిషికే ఈమెయిల్ పెట్టండి. "ఇందాక మీరు నన్ను ఈ ప్రాజెక్టు నుంచి తప్పిస్తున్నామని, చిన్న బిడ్డ ఉన్నందువల్ల నాకు భారం అవుతుందని చెప్పారు. నేను సరిగ్గానే అర్థం చేసుకున్నానా?" అన్న అర్థంలో. జవాబొస్తే ఆధారం. రాకపోయినా ఆ రోజే మీరు రాసిన ఈమెయిల్ ఉంటుంది.

కంపెనీ ఫైళ్లు ఎత్తుకు రాకండి. కోపంలో కస్టమర్ డేటా, సోర్స్ కోడ్ ఉన్న మెయిళ్లన్నీ సొంత జీమెయిల్‌కి పంపుకుంటే కంపెనీకి చక్కని సాకు దొరుకుతుంది. చట్టబద్ధంగా అడిగి తెచ్చుకునే దారి ఉంది.

- పర్సనెల్ ఫైలు, అంటే మీ గురించి కంపెనీ ఉంచే ఉద్యోగ రికార్డు: రాతపూర్వకంగా అడిగితే 30 రోజుల్లో చూపించాలి, లేదా కాపీ ఇవ్వాలి. లేబర్ కోడ్ 1198.5.
- జీతం రికార్డులు: 21 రోజుల్లో.
- మీరు సంతకం పెట్టిన ఉద్యోగ పత్రాలు: అడిగితే కాపీ ఇవ్వాలి.

ఉద్యోగం పోయినవాళ్లూ ఇవి అడగొచ్చు.

స్క్రీన్‌షాట్ తీసే పద్ధతి. మాట ఒక్కటే కత్తిరించి తీయకండి. గ్రూపు పేరు, పంపినవారి పేరు, తేదీ, పైనా కిందా ఉన్న సందేశాలు కనిపించాలి. వెబ్ పేజీ అయితే చిరునామా కూడా పడాలి. వాట్సాప్‌లో చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి రెండు చోట్ల దాచండి. గ్రూపులో మీరు కూడా నాలుగు మాటలు అనేసి ఉంటే వాటిని చెరిపేయాలనిపిస్తుంది. చెరపకండి. ఆధారం మాయం చేశారన్న నింద అసలు మాట కంటే ఎక్కువ దెబ్బ తీస్తుంది.

## 4. కంపెనీ లోపల ఒక్కసారైనా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి

హెచ్ఆర్ మీ పక్షాన నిలబడుతుందని ఈ పని చేయడం లేదు. మీరు ఫిర్యాదు చేసిన తేదీ రికార్డుకెక్కాలి. తర్వాత ప్రతీకారం జరిగితే ఆ తేదీనే పునాది.

ఫోన్లో చెప్పకండి, ఈమెయిల్ పెట్టండి. "నాకు అన్యాయం జరుగుతోంది", "వాతావరణం బాగోలేదు" లాంటి మాటలు చాలవు. చట్టం గుర్తించే కారణం పేరు అందులో ఉండాలి. మచ్చుకు ఈ అర్థం వచ్చేలా ఇంగ్లీషులో రాయండి:

"మార్చి 4న నేను ప్రసూతి సెలవు నుంచి తిరిగొచ్చాను. మార్చి 6న నా లీడ్ బాధ్యతలు తొలగించారు. 'ఇప్పుడు నీకు ఇంట్లో పని ఎక్కువ' అని మేనేజర్ అన్నారు. సెలవుకి ముందు నా పనితీరు రేటింగు బాగుంది. ఇది గర్భం, లింగం ఆధారంగా జరిగిన వివక్ష అని నేను నమ్ముతున్నాను. విచారణ జరిపి, నా మీద ప్రతీకార చర్యలు లేకుండా చూడాలని కోరుతున్నాను."

ఇంతే. విశేషణాలు వద్దు, తిట్లు వద్దు, మూడు పేజీల ఆత్మకథ వద్దు.

కన్సల్టెన్సీ ద్వారా క్లయింట్ దగ్గర పనిచేసేవాళ్లు ఈ ఈమెయిల్ రెండు చోట్లకీ పంపండి. జీతం ఇచ్చేది ఒకరు, రోజూ పని చెప్పేది ఇంకొకరు. ఒకరికే చెబితే రెండోవాళ్లు మాకు తెలియదంటారు.

## 5. సీఆర్‌డీ ఫిర్యాదు: ఫారం నుంచి నోటీస్ దాకా

కాలిఫోర్నియాలో ఫీహా కింద ఉద్యోగ వివక్ష దావా వేయాలంటే ముందు సీఆర్‌డీ గడప తొక్కాల్సిందే. 2022 వరకు ఈ కార్యాలయం పేరు డిపార్ట్‌మెంట్ ఆఫ్ ఫెయిర్ ఎంప్లాయ్‌మెంట్ అండ్ హౌసింగ్. పాత కాగితాల్లో ఆ పేరు కనిపిస్తే కంగారు పడకండి. ఫిర్యాదుకు రుసుము లేదు, లాయర్ తప్పనిసరి కాదు. ఆన్‌లైన్ పోర్టల్ ఉంది, 800-884-1684కి ఫోన్ చేసినా సరే. ఇంగ్లీషు ఇబ్బంది అయితే దుబాసీ కావాలని మొదటి మాటలోనే అడగండి.

వరస ఇలా ఉంటుంది.

1. ఇన్‌టేక్ ఫారం నింపుతారు.
2. సీఆర్‌డీ ఉద్యోగి మిమ్మల్ని ఇంటర్వ్యూ చేస్తారు.
3. విషయం చట్టం పరిధిలోకి వస్తుందనుకుంటే ఫిర్యాదు పత్రం తయారుచేసి మీ సంతకం తీసుకుంటారు.
4. అది యజమానికి చేరుతుంది, వాళ్లు జవాబిస్తారు.
5. ఇరుపక్షాలూ ఒప్పుకుంటే ఉచిత మధ్యవర్తిత్వం జరుగుతుంది.
6. విచారణ తర్వాత సీఆర్‌డీ తనే ముందుకు తీసుకెళ్లొచ్చు, లేదా ఫైలు మూసి మీకు రైట్ టు స్యూ నోటీస్ ఇవ్వొచ్చు.

ఫారంలో తప్పులు ఎక్కువగా నాలుగు చోట్ల జరుగుతాయి.

ఒకే కారణం టిక్ పెట్టడం. 45 ఏళ్ల మహిళను తీసేశారంటే వయసు, లింగం రెండూ ఉండొచ్చు. నిజంగా వర్తించే కారణాలన్నీ గుర్తించండి. ఫిర్యాదులో లేని కారణాన్ని తర్వాత కోర్టులో తీసుకొస్తే అవతలి లాయర్ అభ్యంతరం చెబుతాడు. ప్రతీకారం జరిగి ఉంటే ఆ గడి మర్చిపోకండి.

అందరి పేర్లూ రాయకపోవడం. కన్సల్టెన్సీ, క్లయింట్, వేధించిన మనిషి, అందరి పూర్తి పేర్లూ రాయండి. కంపెనీ అసలు చట్టబద్ధమైన పేరు పే స్లిప్ మీదా డబ్ల్యూ-2 మీదా ఉంటుంది.

కులం ఎక్కడ రాయాలో తెలియక వదిలేయడం. కులం అనే మాటను రాష్ట్ర చట్టంలో పేరుపెట్టి చేర్చే ఎస్‌బీ 403 బిల్లు 2023లో రెండు సభల్లోనూ నెగ్గింది. అదే ఏడాది అక్టోబరులో గవర్నర్ గావిన్ న్యూసమ్ దాన్ని వీటో చేశారు. ఉన్న చట్టాల కింద కుల వివక్ష ఇప్పటికే నిషిద్ధమే కాబట్టి కొత్తది అనవసరం అన్నది ఆయన చెప్పిన కారణం. కాబట్టి వంశ మూలం (యాన్సెస్ట్రీ) గడి టిక్ పెట్టండి. మీ విషయంలో వర్తిస్తే మతం, జాతీయ మూలం, జాతి కూడా. వివరణ భాగంలో కులం అన్న మాట స్పష్టంగా వాడండి. ఏ కులం మనిషి ఏ కులం మనిషిని ఎలా చూశాడో సంకోచం లేకుండా రాయండి. తోటి తెలుగువాళ్ల పరువు పోతుందని దీన్ని దాచిపెట్టేవాళ్లున్నారు. దాచడం వల్ల దెబ్బ తిన్నవాళ్లే మళ్లీ దెబ్బ తింటారు.

తొందరపడి వెంటనే నోటీస్ తీసుకోవడం. విచారణ అక్కర్లేదు, రైట్ టు స్యూ వెంటనే ఇవ్వండని పోర్టల్‌లో అడగొచ్చు. ఒక్క క్లిక్కుతో వచ్చేస్తుంది. కానీ అలా తీసుకుంటే సీఆర్‌డీ విచారణ చేయదు, ఏడాది గడియారం ఆ రోజే మొదలవుతుంది. లాయర్ దొరికి, ఆయన సలహా ఇస్తేనే ఆ బటన్ నొక్కండి. ఇప్పటికే నొక్కేసి ఉంటే నోటీస్ మీది తేదీ చూసి, ఏడాది లెక్క కట్టి, ఈ వారంలోనే లాయర్ వేట మొదలుపెట్టండి.

ఉద్యోగ ఒప్పందంలో ఆర్బిట్రేషన్ షరతు, అంటే గొడవను కోర్టుకు బదులు ప్రైవేటు తీర్పరి దగ్గరే తేల్చుకోవాలన్న షరతు, ఉన్నా సీఆర్‌డీకి వెళ్లడాన్ని అది అడ్డుకోలేదు. లైంగిక వేధింపుల కేసైతే, 2022లో వచ్చిన ఫెడరల్ చట్టం వల్ల ఆర్బిట్రేషన్‌కి బలవంతం చేయడం కూడా కుదరదు.

వేధింపులు పదేపదే జరిగితేనే లెక్కలోకి వస్తాయనుకుంటారు. తీవ్రమైనదైతే ఒక్క సంఘటన కూడా చాలని కాలిఫోర్నియా చట్టం చెబుతోంది.

## 6. ఇల్లు, దుకాణం, హోటల్

ఇంటి ఓనర్ జాతి, మతం, పిల్లలున్నారన్న కారణం లాంటివి చూసి ఇల్లు ఇవ్వకపోతే అదే ఫీహా, అదే సీఆర్‌డీ, గడువు మాత్రం 1 ఏడాది. దుకాణాలు, హోటళ్లు, క్లినిక్కుల్లాంటి వ్యాపారాలకు అన్రూ సివిల్ రైట్స్ యాక్ట్ వర్తిస్తుంది. దాంట్లో పౌరసత్వం, మాట్లాడే ప్రధాన భాష, ఇమిగ్రేషన్ స్థితి కూడా రక్షిత కారణాలే. దావా గెలిస్తే ఒక్కో ఉల్లంఘనకు కనీసం 4,000 డాలర్లు.

ఒక హెచ్చరిక మన వైపు నుంచే. తెలుగు గ్రూపుల్లో "ఫలానా వాళ్లకే రూమ్" అని ప్రకటనలు పెడుతుంటారు. సొంతింట్లో ఉంటూ ఒక్కరికే గది అద్దెకిచ్చేవాళ్లకు చట్టంలో మినహాయింపు ఉన్నా, ప్రకటనలో మతమో జాతో వంశమో ప్రస్తావించి కాదనడానికి ఆ మినహాయింపు పనికిరాదు. అలాంటి ప్రకటన మీరే పెట్టి ఉంటే ఈరోజే మార్చండి.

## 7. పరువు నష్టం: మాటను జల్లెడ పట్టండి

భారతదేశంలో పరువు నష్టం నేరం కూడా. పాత ఐపీసీ 499, 500 సెక్షన్లు పోయి ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356 ఉంది. ఆ అలవాటుతో ఇక్కడా పోలీస్ స్టేషన్‌కి వెళ్తారు. కాలిఫోర్నియాలో ఇది సివిల్ వ్యవహారం. పోలీసులు తిప్పి పంపడంలో ఆశ్చర్యం లేదు.

దావాకు ముందు ఆ మాటను ఈ ప్రశ్నలతో పరీక్షించండి. ఒక్కదానికి కాదని వచ్చినా కేసు కుంటుపడుతుంది.

- అది నిజమో అబద్ధమో తేల్చగల విషయమా? "వాడు పనికిమాలినవాడు" అన్నది అభిప్రాయం. "సంఘం నిధుల్లోంచి డబ్బు కాజేశాడు" అన్నది తేల్చగల విషయం.
- అది అబద్ధమా? నిజమైతే ఎంత బాధ కలిగినా కేసు లేదు.
- మూడో మనిషికి చేరిందా? మీకొక్కరికే ప్రైవేటుగా పంపిన తిట్టు పరువు నష్టం కాదు.
- అన్నవాడు కనీసం నిజం తెలుసుకునే జాగ్రత్త కూడా తీసుకోకుండా అన్నాడా?
- ఆ మాట చట్టం ఇచ్చిన ఏ రక్షణ కిందికీ రాకుండా ఉందా?

చివరిదానికి ఉదాహరణ ఉద్యోగ రిఫరెన్స్. పాత యజమాని కొత్త యజమానికి మీ పనితీరు గురించి దురుద్దేశం లేకుండా చెప్పినదానికి సివిల్ కోడ్ 47 రక్షణ ఇస్తుంది. అబద్ధమని తెలిసీ చెప్పినప్పుడు ఆ రక్షణ పోతుంది. మీకు ఉద్యోగం రాకుండా చేయాలని మాజీ యజమాని తప్పుడు మాటలు చెబితే లేబర్ కోడ్ 1050 కింద అది విడిగా తప్పు, నష్టానికి మూడింతలు రాబట్టుకోవచ్చు. ఈ సెక్షన్ సంగతి చాలామందికి తెలియదు. లాయర్‌ని కలిసినప్పుడు మీరే అడగండి.

నేరం చేశారనడం, వృత్తికి పనికిరారనడం వంటి నోటి మాటలకు డబ్బు నష్టం విడిగా రుజువు చేయనక్కర్లేదు. మిగతా నోటి మాటలకైతే ఆ మాట వల్ల ఏం పోగొట్టుకున్నారో చూపాలి. వెనక్కి తీసుకున్న ఆఫర్ లెటర్, ఆగిపోయిన కాంట్రాక్టు లాంటివి దాచిపెట్టుకోండి.

ఇప్పుడు వరస.

1. ఆధారం భద్రం చేయండి. సందేశం చెరిగిపోకముందే.
2. వేదికకు రిపోర్టు చేయండి. ఫేస్‌బుక్, గూగుల్ లాంటి వేదికల మీద దావా వేసి లాభం లేదు. ఇతరులు పెట్టిన పోస్టులకు ఫెడరల్ చట్టంలోని సెక్షన్ 230 వాటిని కాపాడుతుంది. దావా రాసినవాడి మీదే.
3. రాసినవాడికి లేఖ పంపండి: ఏ వాక్యం, ఏ తేదీ, ఎందుకు అబద్ధం, ఏం సరిదిద్దాలి, ఎన్ని రోజుల్లో.
4. రాసింది దినపత్రికో వారపత్రికో అయితే, దాని ఆన్‌లైన్ కూర్పు అయినా సరే, విషయం తెలిసిన 20 రోజుల్లో సవరణ కోరుతూ రాతపూర్వక నోటీస్ పంపండి. లేకపోతే రుజువు చేయగల ఆర్థిక నష్టం తప్ప మిగతా పరిహారం అడగలేరు.
5. ఏడాది లోపు దావా.

లేఖలో ఒక్క గీత దాటకండి. "డబ్బివ్వకపోతే పోలీసులకు చెప్తా", "నీ వీసా సంగతి ఇమిగ్రేషన్‌కి రాస్తా" అని రాస్తే అది బలవంతపు వసూలు నేరం అవుతుంది. సవరణ అడగండి, దావా వేస్తామని చెప్పండి, అక్కడితో ఆపండి.

చిన్న మొత్తమైతే స్మాల్ క్లెయిమ్స్ కోర్టు ఉంది. ఒక వ్యక్తి 12,500 డాలర్ల వరకు అడగొచ్చు, అక్కడ లాయర్లు వాదించరు. పోస్టు తీసేయమనే ఆదేశం మాత్రం అక్కడ దొరుకుతుందని ఆశించకండి.

పెద్ద కోర్టుకు వెళ్లేముందు యాంటీ స్లాప్ చట్టం గురించి తెలుసుకోవాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 425.16. ప్రజలకు సంబంధించిన విషయం మీద మాట్లాడినందుకే తన మీద దావా వేశారని ప్రతివాది మొదట్లోనే కోర్టును కోరవచ్చు. అప్పుడు సాక్ష్యాలన్నీ సేకరించకముందే మీ కేసులో పస ఉందని మీరు చూపించాలి. ఓడితే అవతలివాళ్ల లాయర్ ఫీజు మీరు కట్టాలి. సంఘం ఎన్నికల్లో అన్న మాట, వ్యాపారం మీద రాసిన రివ్యూ లాంటివి తేలిగ్గా దీని కిందికి వెళ్లిపోతాయి. మాట యథాతథంగా, అబద్ధమని చూపే కాగితంతో సహా చేతిలో లేకపోతే వేయకండి.

రాసినవాడు విజయవాడలోనో వరంగల్లోనో కూర్చుని ఉంటే ఇక్కడ తీర్పు తెచ్చుకున్నా అక్కడ అమలు చేయించడం వేరే ప్రయాణం. అలాంటప్పుడు ముందుగా అక్కడి న్యాయవాదితో మాట్లాడటమే మేలు.

## 8. మీకు జరిగింది మీరే బయటపెట్టాలనుకుంటే

వివక్ష గురించి నోరు విప్పినవాళ్ల మీద పరువు నష్టం కేసు వేస్తామని బెదిరించడం మామూలైపోయింది. దీనికి విరుగుడుగా 2024 జనవరి నుంచి సివిల్ కోడ్ 47.1 అమల్లో ఉంది. లైంగిక దాడి, వేధింపులు, వివక్షకు గురైన మనిషి, ఫిర్యాదు చేయడానికి తగిన ఆధారం ఉండి, దురుద్దేశం లేకుండా జరిగింది చెబితే ఆ మాటలకు రక్షణ ఉంటుంది. అలా చెప్పినందుకు దావా వేసి ఓడినవాళ్ల నుంచి లాయర్ ఫీజు కూడా రాబట్టుకోవచ్చు.

సీఆర్‌డీ ఫారంలో రాసిన మాటలకు ఇంకా గట్టి రక్షణ ఉంది. కాబట్టి ముందు ఫిర్యాదు, ఆ తర్వాతే పోస్టు. పోస్టులో కూడా మీరు చూసింది, విన్నది మాత్రమే రాయండి. "ఆ టీమ్‌లో అందరితోనూ ఇలాగే చేస్తాడట" అని విన్నమాట జోడించారో, కట్టుకున్న గోడకు మీరే కన్నం పెట్టుకున్నట్టు.

## 9. లాయర్‌ని ఎంచుకోవడం

వివక్ష కేసులో గెలిచిన ఉద్యోగికి అవతలివాళ్ల నుంచి లాయర్ ఫీజు ఇప్పించే అధికారం ఫీహా కోర్టుకు ఇస్తుంది. అందుకే చాలామంది లాయర్లు ముందు డబ్బు తీసుకోకుండా, వచ్చినదాంట్లో వాటాకు ఈ కేసులు తీసుకుంటారు. పరువు నష్టంలో మామూలుగా ఆ వెసులుబాటు లేదు, గంటల లెక్కన ఫీజు పడుతుంది. రెండూ ఉన్నవాళ్లు ముందు ఉద్యోగ వివక్ష లాయర్‌నే కలవండి.

స్టేట్ బార్ గుర్తింపు ఉన్న లాయర్ రిఫరల్ సర్వీసులు కౌంటీల వారీగా ఉన్నాయి. ఆదాయం తక్కువైతే శాన్‌ఫ్రాన్సిస్కోలోని లీగల్ ఎయిడ్ ఎట్ వర్క్ లాంటి ఉచిత న్యాయ సహాయ సంస్థల్ని సంప్రదించండి.

మొదటి మీటింగ్‌కి పట్టుకెళ్లాల్సినవి:

- ఒక పేజీ కాలక్రమం, తేదీలు ఎడమవైపు
- ఆఫర్ లెటర్, ఆర్బిట్రేషన్ పత్రం, పనితీరు సమీక్షలు
- హెచ్ఆర్‌కి పంపిన ఈమెయిల్, వచ్చిన జవాబు
- సీఆర్‌డీ కాగితాలు, రైట్ టు స్యూ నోటీస్
- స్క్రీన్‌షాట్లు, పూర్తి చాట్
- మీకు వ్యతిరేకంగా ఉన్న కాగితం కూడా. అది అవతలివాళ్ల దగ్గర్నుంచి మొదటిసారి లాయర్‌కి తెలియకూడదు.

## 10. సెటిల్‌మెంట్ కాగితం మీద సంతకం పెట్టేముందు

ఉద్యోగం తీసేస్తూ డబ్బిచ్చి "ఈరోజే సంతకం పెట్టండి" అంటే పెట్టకండి. ఇలా ఉద్యోగం వదిలేటప్పుడు రాసుకునే వేర్పాటు ఒప్పందం (సెపరేషన్ అగ్రిమెంట్) మీద లాయర్‌ని సంప్రదించుకునే హక్కు మీకుందని కాలిఫోర్నియా యజమాని చెప్పాలి, కనీసం 5 పనిదినాలు ఇవ్వాలి. 40 ఏళ్లు దాటినవాళ్లు వయసు వివక్ష హక్కు వదులుకునేట్టయితే, ఫెడరల్ చట్టం ప్రకారం 21 రోజుల ఆలోచన గడువు, సంతకం పెట్టాక 7 రోజుల్లో వెనక్కి తీసుకునే హక్కు ఉన్నాయి.

కాగితంలో ఇవి వెతకండి.

- జరిగిన వివక్ష, వేధింపుల గురించి మాట్లాడకూడదన్న షరతు ఉందా? వేర్పాటు ఒప్పందంలో అలాంటి నిషేధం 2022 నుంచి చెల్లదు. ఎంత డబ్బిచ్చారన్నది గోప్యంగా ఉంచమనడం మాత్రం చెల్లుతుంది.
- పరువు నష్టం హక్కు కూడా వదులుకుంటున్నారా?
- రిఫరెన్స్ అడిగినవాళ్లకు కంపెనీ ఏం చెబుతుందో మాటకు మాట రాసి ఉందా? "చేరిన తేదీ, వెళ్లిన తేదీ, హోదా మాత్రమే చెబుతాం" అన్న వాక్యం పెట్టించుకోండి.
- సీఆర్‌డీ ఫిర్యాదు ఎవరు, ఎప్పుడు ఉపసంహరించాలి? డబ్బు ఖాతాలో పడ్డాకే అని ఉండాలి.
- మానసిక వేదనకు ఇచ్చే డబ్బు మీద సాధారణంగా ఆదాయపు పన్ను పడుతుంది. చేతికి వచ్చేది ఎంతో టాక్స్ మనిషితో లెక్క వేయించుకుని, ఆ అంకె చూశాక సంతకం సంగతి తేల్చండి.